మొదటి సోలో క్రాస్ కంట్రీలో దారి తప్పితే ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విమానం నడపడం నేర్చుకుంటున్నారు. సోలో సర్క్యూట్లు, అంటే రన్‌వే చుట్టూ ఒంటరిగా తిరిగి దిగడం అయ్యాయి, ఇన్‌స్ట్రక్టర్‌తో డ్యుయల్ క్రాస్ కంట్రీలూ, అంటే ఇంటి ఏరోడ్రోమ్ (విమానాలు ఎగిరి దిగే చోటు) వదిలి వేరే చోటికి వెళ్లిరావడమూ అయ్యాయి, వచ్చే వారం మూడు లెగ్‌ల (ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక్కో దశ) రూట్‌లో ఒంటరిగా వెళ్లాలి. పక్కన ఎవరూ లేనప్పుడు దారి తప్పితే ఎలా అని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదన్నారు. ట్యాబ్లెట్‌లో జీపీఎస్ ఉండగా చార్టు (విమానయాన మ్యాప్) మీద గీతలు, గాలి లెక్కలు ఇంకా ఎందుకని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. ఎక్కడున్నానో అనుమానం రాగానే మూడు పనులు చేయండి: హెడింగ్ (విమానం ముక్కు ఉన్న దిక్కు) అలాగే ఉంచండి, గడియారం చూడండి, రేడియోలో చెప్పండి. ఇవి మొదటి రెండు మూడు నిమిషాల్లో జరిగిపోతే దారి తప్పడం కాస్త ఆలస్యంతో సరిపోతుంది. ఎవరికీ చెప్పకుండా ఆ ఊరేమో, ఈ ఊరేమో అని తిరుగుతూ ఫ్యూయల్, పగటి వెలుతురు రెండూ ఖర్చు చేసుకున్నప్పుడే అది ప్రాణం మీదికి వస్తుంది.

జీపీఎస్‌ను మీ స్కూల్ ఒప్పుకుంటే నిక్షేపంగా వాడండి. అది మీరెక్కడున్నారో చెబుతుంది. ముందుకు పోవాలా, వెనక్కి తిరగాలా, పక్క ఏరోడ్రోమ్‌లో దిగాలా అన్నది మాత్రం చెప్పదు. ఆ నిర్ణయానికి కావలసిన అంకెలు నేల మీద, ప్రశాంతంగా ఉన్నప్పుడే మీరు రాసిపెట్టుకోవాలి. పైగా ట్యాబ్లెట్ ఎండలో వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. కాక్‌పిట్ అద్దంలోంచి సూర్యుడు నేరుగా దాని మీద పడే వేళల్లో ఇది తరచూ జరుగుతుంది. అప్పుడు చేతిలో చార్టు, రాసుకున్న టైములు ఉన్న విద్యార్థి మామూలుగానే ఎగురుతాడు. లేని విద్యార్థికి అక్కడితో దారి తెగిపోతుంది.

చాలా ఏళ్లుగా విద్యార్థులను సోలో క్రాస్ కంట్రీలకు పంపుతున్నాను. వాళ్లు ఎక్కడ తడబడతారో, ఏది వాళ్లను కాపాడుతుందో చూసినంతలో రాస్తున్నాను.

ముందుగా, ఈ ఫ్లైట్ ఎందుకు పెట్టారో తెలుసుకోవాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణాల ప్రకారం ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు కనీసం 10 గంటల సోలో ఉండాలి. అందులో 5 గంటలు సోలో క్రాస్ కంట్రీ. వాటిలో కనీసం ఒక్క ఫ్లైట్ మొత్తం 270 కిలోమీటర్లకు, అంటే సుమారు 150 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు. దారిలో రెండు వేర్వేరు ఏరోడ్రోమ్‌లలో పూర్తిగా దిగి ఆగాలి. దేశాన్ని బట్టి వివరాలు కాస్త మారతాయి. అమెరికాలోనైతే 150 నాటికల్ మైళ్ల ఫ్లైట్‌లో మూడు చోట్ల ఫుల్ స్టాప్ ల్యాండింగులు, ఒక లెగ్ 50 నాటికల్ మైళ్లకు పైగా ఉండాలంటారు. దూరం కోసమే అయితే ఇంటి ఏరోడ్రోమ్ చుట్టూ తిరిగినా సరిపోయేది. తెలియని చోటికి వెళ్లి, అక్కడి గాలికి, అక్కడి రన్‌వేకి తగ్గట్టు మీరే నిర్ణయాలు తీసుకుని, మళ్లీ బయల్దేరి రావడం అసలు పరీక్ష.

మిమ్మల్ని ఈ ఫ్లైట్‌కు అనుమతిస్తూ మీ ఇన్‌స్ట్రక్టర్ పెట్టే సంతకం గురించి కూడా ఒక మాట. ఆయన సంతకం పెట్టేది ఆ రోజు, ఆ రూట్, ఆయన చూసిన వాతావరణ సమాచారం ఆధారంగా. ఉదయం ఏడింటికి సంతకం అయి, ఏదో కారణంతో మీరు పదిన్నరకు బయల్దేరుతున్నారనుకోండి, ఆ సంతకం వెనకున్న వాతావరణం మారిపోయి ఉండొచ్చు. మళ్లీ వెళ్లి చూపించండి. దీన్ని విసుగనుకునే ఇన్‌స్ట్రక్టర్‌ను నేనింతవరకు చూడలేదు.

ఇక ప్లానింగ్. చెక్‌పాయింట్లు, అంటే దారిలో నేల మీద పోల్చుకునే గుర్తులు ఎంచుకునే దగ్గర చాలామంది తొందరపడతారు. చార్టులో గీత పక్కన ఏది కనబడితే దాని చుట్టూ సున్నా చుట్టేస్తారు. పైనుంచి చూస్తే చిన్న ఊళ్లన్నీ ఒకేలా ఉంటాయి. చెరువు ఎండాకాలంలో సగమవుతుంది, వానల తర్వాత రెండింతలవుతుంది, చార్టులో ఉన్న ఆకారం నేల మీద ఉండదు. అందుకే ఒక్క గుర్తును నమ్మకండి, జంట గుర్తులు పెట్టుకోండి. నది ఒక్కటే చాలదు. నది మీద రైలు వంతెన, దానికి ఉత్తరాన రోడ్డు రెండుగా చీలే చోటు, రెండూ కలిసి కనబడితే అదే అని గట్టిగా చెప్పొచ్చు. మీరు ఎడమ సీట్లో కూర్చుంటారు కాబట్టి గీతకు కొంచెం ఎడమ పక్కగా ఉన్నవాటిని ఎంచుకోండి. సరిగ్గా గీత మీదున్న గుర్తు దగ్గరకు వచ్చేసరికి ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్ మూత) కింద దాక్కుంటుంది.

రెండు చెక్‌పాయింట్ల మధ్య 10 నుంచి 12 నాటికల్ మైళ్లు ఉంటే బాగుంటుంది. అంతకంటే దగ్గరైతే తల ఎప్పుడూ చార్టులోనే ఉంటుంది, బయట చూడటం తగ్గిపోతుంది. మరీ దూరమైతే తప్పు జరిగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఇంకొకటి, గమ్యం దాటాక అడ్డంగా వచ్చే పెద్ద నదో, హైవేనో, సముద్రతీరమో ఉందేమో చూసుకుని దాన్ని రంగు పెన్సిల్‌తో గీసుకోండి. అది కింద కనబడిందంటే గమ్యం వెనకబడిపోయిందని అర్థం. ఈ హద్దు గీత గీసుకున్నవాళ్లు ఎంత తప్పినా ఒక పరిధిలోనే తప్పుతారు.

గాల్లో చార్టు చదివే పద్ధతి మీద కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దారి తప్పే కథలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. క్రమం ఇలా ఉండాలి: ముందు గడియారం, తర్వాత చార్టు, ఆ తర్వాతే నేల. బయల్దేరి పద్నాలుగు నిమిషాలైంది, లెక్క ప్రకారం ఇప్పుడు ఇక్కడుండాలి, ఇక్కడుంటే ఎడమ పక్క కాలువ, దాని అవతల క్వారీ కనబడాలి. ఇప్పుడు కిటికీలోంచి చూడండి. ఉన్నాయా, లేవా?

చాలామంది దీన్ని తిరగేస్తారు. ముందు కిందకు చూస్తారు, ఒక ఊరు కనబడుతుంది, చార్టులో దానికి సరిపోయే ఊరు వెతుకుతారు. మనసుకు కావాలనిపిస్తే ఏ ఊరైనా సరిపోతుంది. రోడ్డు కాస్త వంకరగా ఉన్నా, చార్టు పాతదేమో అని సర్దిచెప్పుకుంటాం. రైలు పట్టాలు కనబడకపోతే చెట్ల వెనకున్నాయేమో అనుకుంటాం. ఇలా సర్దిచెప్పుకోవడం రెండుసార్లు జరిగిందంటే మీరు దారి తప్పారనే లెక్క. అక్కడే ఆగి, చివరిసారి కచ్చితంగా గుర్తుపట్టిన చోటు ఏది, ఎన్నింటికి అని చూసుకోండి.

హెడింగ్ ఎందుకు మార్చకూడదంటే, అది మారనంతవరకు మీరు ఎక్కడ ఉండగలరో లెక్క కట్టొచ్చు. చివరి కచ్చితమైన గుర్తు నుంచి ఇంత సేపు, ఈ దిక్కున, ఈ వేగంతో వచ్చాను, కాబట్టి ఈ చుట్టుపక్కల ఉండాలి అని చార్టు మీద చుక్క పెట్టొచ్చు. ఆ చుక్క చుట్టూ, వచ్చిన దూరంలో పదో వంతు వ్యాసార్థంతో ఒక వృత్తం గీయండి. 20 మైళ్లు వచ్చి ఉంటే 2 మైళ్లు. ఆ వృత్తంలో, దాని అంచుల్లో ఉన్న పెద్ద గుర్తుల కోసం చూడండి. ఎడమకోసారి, కుడికోసారి తిరిగితే ఈ లెక్క మొత్తం పోతుంది. కొండో, మేఘమో, నిషిద్ధ గగనతలమో ఎదురుగా ఉంటే మాత్రం తిరగాల్సిందే. అప్పుడు తిరిగిన టైమ్, కొత్త హెడింగ్ రాసుకోండి.

నా విద్యార్థి ఒకరి విషయం చెప్తాను. టేకాఫ్ అయ్యాక రూట్‌కు తిరుగుతూ ఉండగానే హెడింగ్ ఇండికేటర్‌ను (దిక్కు చూపించే గైరో పరికరం) కంపాస్‌తో సరిచేశాడు. విమానం తిరుగుతున్నప్పుడు కంపాస్ సరిగ్గా చూపించదు. 20 డిగ్రీల తేడా అలా లోపలికి వచ్చింది. ఆ తర్వాత ఎంతో శ్రద్ధగా, ఒక్క డిగ్రీ కూడా కదలకుండా తప్పు హెడింగ్ పట్టుకుని ఎగిరాడు. 20 మైళ్లు వచ్చేసరికి గీతకు దాదాపు 7 మైళ్లు పక్కకు వెళ్లిపోయాడు. పక్కనే సాగాల్సిన రైలు పట్టాలు లేవు. రావాల్సిన వంతెన రాలేదు. అతను అక్కడ చేసిన పని ఇప్పటికీ కొత్తవాళ్లకు చెప్తుంటాను. రెక్కలు సమంగా ఉంచి, కంపాస్ స్థిరపడేదాకా ఆగి చూశాడు, తేడా కనబడింది. వెంటనే రేడియోలో చెప్పాడు. కంట్రోలర్ ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానాన్ని గుర్తు తెలిపే పరికరం) కోడ్ ఇచ్చి, రాడార్‌లో గుర్తుపట్టి, హెడింగ్ ఇచ్చాడు. దిగాక అతని నావ్ లాగ్ (దారి, టైములు రాసుకునే కాగితం) చూశాను. పక్క అంచులో పెన్సిల్‌తో "వంతెన రాలేదు" అని, ఆ పక్కనే టైమ్ రాసి ఉంది. ఆ టైమ్ రాసుకున్నాడు కాబట్టే ఎంత దూరం పక్కకు వెళ్లి ఉంటాడో కంట్రోలర్‌కు చెప్పగలిగాడు.

కాబట్టి హెడింగ్ ఇండికేటర్‌ను ప్రతి పదిహేను నిమిషాలకోసారి, రెక్కలు సమంగా, తిన్నగా, ఒకే వేగంతో ఎగురుతున్నప్పుడు మాత్రమే కంపాస్‌తో సరిచూసుకోండి. ఫ్యూయల్, రేడియో, ఇంజిన్, దిక్కు, ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) అనే వరుసలో మీకు నేర్పే చెక్ ఉంటుంది కదా, దాన్ని ప్రతి చెక్‌పాయింట్ దాటాక చేసే అలవాటు పెట్టుకుంటే ఇది దానంతటదే జరిగిపోతుంది.

పక్కకు వెళ్లానని తెలిసింది, ఎంత పక్కకో కూడా తెలిసింది, అప్పుడేం చేయాలి? అరవైకి ఒకటి సూత్రం చాలు. 60 మైళ్ల దూరంలో 1 మైలు పక్కకు వెళ్లడం అంటే 1 డిగ్రీ తేడా. మీరు 20 మైళ్లు వచ్చి, 2 మైళ్లు ఎడమకు ఉన్నారనుకోండి. 2ను 60తో గుణించి 20తో భాగిస్తే 6 డిగ్రీలు. కుడికి 6 డిగ్రీలు తిరిగితే గీతకు సమాంతరంగా వెళ్తారు. గమ్యం ఇంకా 40 మైళ్లుంది. 2ను 60తో గుణించి 40తో భాగిస్తే 3. మొత్తం 9 డిగ్రీలు కుడికి తిరిగితే నేరుగా గమ్యానికి చేరతారు. ఇంటి దగ్గర కాగితం మీద ఇలాంటి లెక్కలు నోటికి వచ్చేదాకా చేయండి. గాల్లో కూడికలు కూడా కష్టంగా అనిపిస్తాయి.

ఇప్పుడు గాలి లెక్క. దీని విలువ చాలామందికి అర్థం కాదు, అందుకే కాస్త వివరంగా. గాలి లేనప్పుడు మీ విమానం 100 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) వెళ్తుందనుకుందాం. ఎదురుగాలి 10 నాట్లని చెప్పారు. అంటే నేల మీద వేగం 90, 60 మైళ్ల లెగ్‌కు 40 నిమిషాలు. నిజానికి ఎదురుగాలి 25 ఉందనుకోండి. వేగం 75కు పడిపోతుంది, లెగ్‌కు 48 నిమిషాలు పడుతుంది. ఆ 8 నిమిషాల తేడా గమ్యం దగ్గర తెలిస్తే ఉపయోగం లేదు. లెవెల్ ఆఫ్ అయ్యాక, అంటే ఎక్కడం ఆపి ఒకే ఎత్తులో సాగుతున్నప్పుడు, 12 మైళ్ల దూరంలో ఉన్న రెండు చెక్‌పాయింట్ల మధ్య టైమ్ తీసుకోండి. 8 నిమిషాలు పట్టాల్సింది తొమ్మిదిన్నర నిమిషాలు పట్టింది. ఆ ఒకటిన్నర నిమిషం మీకు గాలి సంగతి మొత్తం చెప్పేసింది. ఇంకా వెనక్కి తిరగడానికి బోలెడు అవకాశం ఉంది.

ప్రతి లెగ్‌కు "ఈ టైమ్‌కి ఇక్కడికి రాకపోతే తిరిగిపోతాను" అని ఒక అంకె రాసుకోండి. మనసులో అనుకోవడం కాదు, నావ్ లాగ్ మీద రాయండి. గాల్లో ఉన్నప్పుడు మనసు ముందుకే లాగుతుంది. ఇంత దూరం వచ్చాం కదా, ఇంకో పది మైళ్లే కదా అనిపిస్తుంది. ముందు రోజు మీరే స్థిమితంగా రాసుకున్న అంకె ఎదురుగా ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది.

ఫ్యూయల్ విషయంలో గేజ్‌లను నమ్మి బయల్దేరకండి. ట్యాంక్ మూత తీసి, డిప్‌స్టిక్‌తో కొలిచి, మూత గట్టిగా బిగించి, మీ చేత్తోనే సరిచూడండి. నాలుగు సీట్ల ట్రైనర్ గంటకు 35 లీటర్లు తాగుతుందనుకుంటే, దారి తప్పి పదిహేను నిమిషాలు తిరిగితే దాదాపు 9 లీటర్లు పోతాయి. అమెరికా నిబంధనల్లో పగటి వీఎఫ్‌ఆర్‌కు (బయట కళ్లతో చూస్తూ ఎగిరే పద్ధతి) గమ్యం చేరాక ఇంకా 30 నిమిషాల ఫ్యూయల్ ఉండేలా బయల్దేరాలి. అది చట్టం పెట్టిన కనీస హద్దు. సోలో విద్యార్థికి గంటసేపటి ఫ్యూయల్ కంటే తక్కువ మిగిలే ప్లాన్ మీద నేను సంతకం పెట్టను. రెక్కలు కింద ఉండే రకం విమానమైతే ట్యాంకులు మార్చే టైములు కూడా నావ్ లాగ్‌లోనే రాసుకోండి. ఒక ట్యాంక్ నిండా ఉండగా రెండోది ఖాళీ అయి ఇంజిన్ ఆగడం కొత్తవాళ్లకు బాగా ఎదురయ్యే సంగతి.

మీకు దారి తప్పుతానన్న భయం ఉంది. నాకు మీ విషయంలో అంతకంటే ఎక్కువ భయం వాతావరణం. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ (బయట చూడకుండా పరికరాలతోనే ఎగరడం) అనుభవం లేని 20 మందిని బయట ఏమీ కనబడని పరిస్థితిలో పెట్టి చూశారు. సగటున 178 సెకన్లలో విమానం వాళ్ల చేతిలో అదుపు తప్పే స్థితికి వచ్చింది. మూడు నిమిషాలు కూడా కాదు. ఆ ప్రయోగం అసలు ఉద్దేశం భయపెట్టడం కాదు, అలాంటి పరిస్థితిలో 180 డిగ్రీలు వెనక్కి తిరిగి బయటపడటం నేర్పడం. మీరు మేఘంలోకి వెళ్లే దాకా రానివ్వకుండా, బయట అంతా కనబడుతున్నప్పుడే ఆ మలుపు తిరగండి. సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరిగితే సరిగ్గా ఒక నిమిషంలో మలుపు పూర్తవుతుంది. 100 నాట్ల దగ్గర దానికి సుమారు 15 డిగ్రీల బ్యాంక్ (రెక్కల వాలు) చాలు. మెల్లగా తిరగండి, ఎత్తు పోనివ్వకండి.

ఎప్పుడు తిరగాలి? నా విద్యార్థులకు చెప్పే పద్ధతి ఇది. మేఘాల కింద ఉండటానికి ప్లాన్ చేసిన ఎత్తు నుంచి ఒకసారి దిగాల్సి వచ్చిందంటే అది హెచ్చరిక. దిగి, రేడియోలో ముందున్న ఏరోడ్రోమ్ వాతావరణం అడగండి. రెండోసారి దిగాల్సి వస్తే ఇంకేం అడగొద్దు, తిరిగిపోండి. రెండుసార్లు కిందికి నెట్టిన మేఘం మూడోసారి కూడా నెడుతుంది, అప్పటికి కింద ఖాళీ ఉండదు.

వెనక్కి తిరిగివస్తే ఇన్‌స్ట్రక్టర్ ఏమనుకుంటారో, గంటల డబ్బు వృథా అవుతుందేమో అని చాలామంది లోలోపల నలిగిపోతారు. ఒక అమ్మాయి మొదటి సోలో క్రాస్ కంట్రీలో సగం దూరం వెళ్లి తిరిగొచ్చింది. అదే సమయానికి ఆ రూట్‌లో వెళ్లిన ఇంకో విమానం ఇబ్బంది లేకుండా గమ్యం చేరింది. ఆమె ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. ఆమె లాగ్ చూశాను: మేఘాల ఎత్తు, టైమ్, తిరిగిన హెడింగ్, తిరుగుతున్నట్టు రేడియోలో చెప్పిన సంగతి, అన్నీ ఉన్నాయి. రెండో రోజే మళ్లీ సంతకం పెట్టాను, ఈసారి నాకు ఏ దిగులూ లేదు. తిరిగి వచ్చినందుకు విద్యార్థిని చిన్నబుచ్చే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఉంటే ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చుకోండి. ఈ మాట నేను చాలా సీరియస్‌గా చెప్తున్నాను.

రేడియో గురించి. మొదటి కాల్‌లోనే "స్టూడెంట్ పైలట్, సోలో" అని చెప్పండి. ఆ మాటతో కంట్రోలర్ నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడతాడు. అర్థం కాకపోతే "సే అగైన్" అనండి. అర్థమైనట్టు నటించి రీడ్‌బ్యాక్ ఇవ్వడం (విన్నది తిరిగి చెప్పడం) ప్రమాదకరం. దారి తప్పితే "అన్‌ష్యూర్ ఆఫ్ పొజిషన్" అని, చివరిగా గుర్తుపట్టిన చోటు, అక్కడున్న టైమ్, ఇప్పుడున్న హెడింగ్, ఎత్తు, ఎంతసేపటి ఫ్యూయల్ ఉందో చెప్పండి. మీరు మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే అడగండి. ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5కి మారండి. పరిస్థితి బిగుస్తోందనిపిస్తే ప్యాన్ ప్యాన్ అనడానికి, ప్రాణాపాయం అనిపిస్తే మేడే అనడానికి, ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700 పెట్టడానికి మొహమాటపడకండి. ఆ మాటలు మీలాంటి వాళ్ల కోసమే ఉన్నాయి.

మాట వినబడకపోతే, మేఘాలు, గగనతలం అనుమతిస్తే, పైకి ఎక్కండి. వీహెచ్‌ఎఫ్ రేడియో చూపు మేరకే పనిచేస్తుంది. 1,000 అడుగుల దగ్గర సుమారు 39 నాటికల్ మైళ్లు, 4,000 అడుగుల దగ్గర సుమారు 78. పైనుంచి దూరంగా ఉన్న పెద్ద గుర్తులు కూడా కనబడతాయి. రాడార్‌కూ మీరు బాగా కనబడతారు.

గమ్యం కనబడగానే పని అయిపోయిందనుకోకండి. దగ్గర దగ్గరగా రెండు ఏరోడ్రోమ్‌లుండి, రన్‌వేలు ఇంచుమించు ఒకే దిక్కున ఉంటే తప్పు చోట దిగే ప్రమాదం నిజంగానే ఉంటుంది. ఇంకో విద్యార్థికి అదే ఎదురైంది. ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగే ఆఖరి దశలో) ఉన్నానని చెప్పాడు, టవర్ నుంచి నువ్వు కనబడటం లేదని జవాబు వచ్చింది. అప్పుడు రన్‌వే మీద పెద్దగా రాసిన అంకె చూశాడు. 27 ఉండాల్సిన చోట 25 ఉంది. వెంటనే పవర్ ఇచ్చి గో అరౌండ్ చేసి పైకి వెళ్లాడు, సరైన చోటు ఇంకా కొద్ది మైళ్ల అవతల ఉంది. గమ్యం రన్‌వే నంబర్లు, పొడవు, ట్యాక్సీవే ఏ పక్కన ఉంది, హ్యాంగర్లు ఎటువైపు అన్నవి చిన్న బొమ్మగా గీసుకుని క్లిప్‌బోర్డ్‌కు పెట్టుకోండి. ఫైనల్‌లో అంకె చదివి, గట్టిగా పైకి అనండి.

అలవాటున్న రన్‌వే కంటే కొత్తది సన్నగా ఉంటే మీరు నిజంగా ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది, తెలియకుండానే కిందికి దిగిపోతారు. వెడల్పుగా ఉంటే కిందికి వచ్చేసినట్టు అనిపించి, ఎత్తులోనే ఫ్లేర్ చేస్తారు (దిగేముందు ముక్కు పైకెత్తుతారు). కంటి మాట పక్కనపెట్టి ఎత్తు, వేగం అంకెలు చూసుకోండి. ఆల్టిమీటర్‌లో ఆ చోటి క్యూఎన్‌హెచ్ (అక్కడి గాలి పీడనం సెట్టింగ్) పెట్టుకున్నారో లేదో కూడా. 10 హెక్టోపాస్కల్స్ తక్కువున్న చోటికి పాత సెట్టింగ్‌తో వెళ్తే ఆల్టిమీటర్ దాదాపు 300 అడుగులు ఎక్కువ చూపిస్తుంది.

అడ్డగాలి లెక్కకు సులువు మార్గం ఉంది. గాలి రన్‌వేకి 30 డిగ్రీల కోణంలో ఉంటే దాని వేగంలో సగం అడ్డగాలి, 45 డిగ్రీలైతే ముప్పావు వంతు దాకా, 60 దాటితే దాదాపు మొత్తం. విమానం హ్యాండ్‌బుక్‌లో 15 నాట్లని ఉండొచ్చు, మీకు వర్తించేది మాత్రం మీ ఇన్‌స్ట్రక్టర్ పెట్టిన పరిమితి. అది దాటితే ముందే అనుకున్న ప్రత్యామ్నాయ ఏరోడ్రోమ్‌కు వెళ్లండి.

దిగాక తొందరపడొద్దు. ఇంజిన్ ఆపి, నీళ్లు తాగి, ఇన్‌స్ట్రక్టర్‌కు ఫోన్ చేసి, తర్వాతి లెగ్ వాతావరణం కొత్తగా తీసుకోండి. ఫ్యూయల్ పోయిస్తే పక్కనే నిలబడండి. నీలం రంగు అవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) అని చూసుకోండి, కాస్త ఆగి డ్రెయిన్ చేసి నీళ్లున్నాయేమో చూడండి, మూతలు మీరే బిగించండి. మీ విమానానికి కార్బ్యురేటర్ ఉంటే ఒక విషయం గుర్తుంచుకోండి. ఆర్‌పీఎమ్ (ఇంజిన్ తిరిగే వేగం) నెమ్మదిగా పడిపోతుంటే లోపల మంచు పట్టిందేమోనని కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడి గాలి పంపే మీట) లాగాలి. లాగాక ఇంజిన్ ఇంకాస్త మొరాయించి, ఆ తర్వాత కోలుకుంటుంది. ఆ కొన్ని క్షణాల మొరాయింపుకు భయపడి హీట్ తీసేస్తారు చాలామంది, తీయకండి.

ఆఖరి లెగ్ మీద ప్రత్యేకంగా చెప్పాలి. అప్పటికి అలసట ఉంటుంది, ఇల్లు దగ్గరైందన్న నిశ్చింత ఉంటుంది, లాగ్ రాయడం మానేస్తారు. మధ్యాహ్నం దాటితే గాలి కుదుపులు పెరుగుతాయి. సాయంత్రం పడమటికి ఎగురుతుంటే సూర్యుడు కళ్లలో పడి, పల్చటి పొగమంచు కూడా గోడలా కనబడుతుంది. సూర్యాస్తమయానికి కనీసం గంటన్నర ముందు ఇంటి ఏరోడ్రోమ్‌లో దిగేలా మొత్తం ప్లాన్ వేసుకోండి. రెండో చోట ఆలస్యమై ఆ టైమ్ దాటేలా ఉంటే అక్కడే ఆగి ఇన్‌స్ట్రక్టర్‌కు ఫోన్ చేయండి. రాత్రి అక్కడ ఉండాల్సి వచ్చినా సరే.

ఇంటికి చేరి ఇంజిన్ ఆపాక ఫ్లైట్ ప్లాన్ క్లోజ్ చేయడం, అంటే దిగానని కంట్రోల్‌కు చెప్పడం మర్చిపోకండి. దారిలో ఆగిన ప్రతిచోటా కూడా. మీ నుంచి రావాల్సిన సమాచారం రాకుండా 30 నిమిషాలు గడిస్తే మీ కోసం వాకబు మొదలవుతుంది. ముందు ఫోన్లు, తర్వాత గాలింపు దాకా వెళ్తుంది. ఆ తర్వాత నావ్ లాగ్ తీసి, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని, ప్రతి లెగ్‌లో అనుకున్న టైమ్, పట్టిన టైమ్ పక్కపక్కన పెట్టి నిజంగా గాలి ఎంత ఉందో లెక్క కట్టండి. ఫ్యూయల్ కూడా డిప్‌స్టిక్‌తో కొలిచి, గంటకు ఎంత ఖర్చయిందో రాసుకోండి. రెండో సోలో క్రాస్ కంట్రీ ప్లానింగ్‌లో హ్యాండ్‌బుక్ అంకె పక్కన ఈ అంకె కూడా పెట్టుకుని, రెండింట్లో ఏది ఎక్కువైతే దాంతో లెక్క వేయండి.